లేహ్ దారిలో... ఓ చుక్క ఆయిల్!

ఇంజన్ తలమీద ఓ మూత. ఆ మూత కింద వేలి మందం కూడా లేని ఓ రబ్బరు ప్యాకింగ్. ఊళ్లో తిరిగినన్నాళ్లూ దాన్ని ఎవరూ పట్టించుకోరు. మనాలీ దాటి మంచుకొండల్లోకి వెళ్లాక మాత్రం బండి పరువూ, బండి మీద కూర్చున్నవాడి ధైర్యం... రెండూ దాని చేతిలోనే ఉంటాయి. విప్పిన ప్యాకింగ్‌ను మళ్లీ వాడొచ్చా, పారేయాలా? కొత్తది దొరకని చోట ఈ ప్రశ్న ఎదురైతే ఏం చేయాలి?

హిమాచల్ ప్రదేశ్‌లోని తాండి. ఒకవైపు నుంచి చంద్ర, మరోవైపు నుంచి భాగ... రెండు నదులూ ఉరుకులు పరుగుల మీద వచ్చి ఇక్కడే కలుస్తాయి. కలిసి చంద్రభాగ అవుతాయి. దిగువకు వెళ్లాక అదే చీనాబ్. అయితే మనాలీ నుంచి లేహ్‌కు మోటారుసైకిళ్ల మీద వెళ్లేవాళ్లు తాండిలో బండి ఆపేది సంగమం చూడటానికి కాదు, పెట్రోలు కోసం. ఇక్కడి బంకు దగ్గర ఓ బోర్డు ఉండేది. 'తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో' అని దాని సారాంశం. ఏళ్ల తరబడి ఆ బోర్డు పక్కన నిలబడి ఫొటో దిగని రైడర్ లేడు. ట్యాంకు నింపుకొని, క్యాన్లలోనూ పట్టించుకొని, వాటిని బండికి తాళ్లతో కట్టుకోవడం ఈ దారిలో ఓ తంతు.

పెట్రోలు సంగతి సరే. బోర్డు మీద రాయని మాట మరొకటుంది. అంత దూరం పెట్రోలే దొరకని దారిలో స్పేరుపార్టుల దుకాణం ఎక్కడుంటుంది?

అదిగో, సరిగ్గా అక్కడే ఓ కుర్రాడి కన్ను ఇంజన్ మీద పడిందనుకుందాం. సికింద్రాబాద్‌లో బండిని రైలు పార్సిల్‌లో వేసి, ఢిల్లీలో దించుకొని, చండీగఢ్, మండీ, కులూ మీదుగా వచ్చినవాడు. ఏటా వేసవిలో తెలుగు నేల నుంచి ఇలా బయల్దేరే వందలమందిలో ఒకడు. ఇంజన్ రెక్కల మీద దుమ్ము తడిసి నల్లటి చారలా ఉంది. వేలితో తుడిస్తే జిడ్డు. చార పైకి ఎక్కడిదాకా వెళ్లిందా అని చూస్తే ఇంజన్ తలమీద మూత అంచు దగ్గర ఆగింది. అంటే హెడ్ కవర్ ప్యాకింగ్ కారుతోంది!

ముందుకు వెళ్లాలా, వెనక్కి తిరగాలా?

కుక్కర్ చెప్పే పాఠం

ఈ ప్యాకింగ్ ఏమిటో తెలియాలంటే ఇంజన్ విప్పక్కర్లేదు, వంటింట్లోకి వెళితే చాలు. ప్రెషర్ కుక్కర్ మూతకు లోపల రబ్బరు గ్యాస్కెట్ ఉంటుంది కదా! మూతకూ గిన్నెకూ మధ్య సందు లేకుండా ఒదిగి కూర్చుంటుంది. ఆవిరి బయటికి పోకుండా ఆపుతుంది. ఇంజన్ తలమీద మూత కింద ఉండే రబ్బరూ చేసేది అలాంటి పనే. కాకపోతే ఇక్కడ ఆపాల్సింది ఆవిరిని కాదు, ఆయిల్‌ని.

ఇంజన్‌లోకి పెట్రోలు, గాలి కలిసిన ఆవిరి రావడానికో తలుపు, కాలిన పొగ పోవడానికో తలుపు ఉంటాయి. అవే వాల్వులు. వాటిని తెరిచి మూసే క్యామ్‌షాఫ్ట్, రాకర్లు చాలా బళ్లలో పైభాగంలోనే ఉంటాయి. బండి నడుస్తున్నంతసేపూ అక్కడ ఆయిల్ చిమ్ముతూ ఉంటుంది. రాకరుకూ వాల్వుకూ మధ్య ఉండాల్సిన ఖాళీ కాగితమంత సన్నం. అది పెరిగితే టకటక చప్పుడు. తగ్గితే వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. మెకానిక్ 'ట్యాపెట్ సెట్టింగ్' అనేది ఆ ఖాళీని సరిచేయడాన్నే. దూరప్రయాణానికి ముందు అది చేయించుకోవడం మంచిది కూడా. మరి సెట్టింగ్ చేయాలంటే మూత తీయాలి. మూత తీస్తే ప్యాకింగ్ కదులుతుంది. కథంతా అక్కడే మొదలవుతుంది.

కుక్కర్ గ్యాస్కెట్‌ను రోజూ తీస్తాం, కడుగుతాం, మళ్లీ పెడతాం. పూటకో కొత్తది కొనేవాళ్లు ఎవరూ లేరు. అలాగని పదేళ్లూ ఒకటే వాడేవాళ్లూ ఉండరు. పక్కల నుంచి ఆవిరి చిమ్మడం మొదలైతే కొన్నాళ్లు చల్లటి నీళ్లలో వేసి నెట్టుకొస్తారు, తర్వాత పారేస్తారు. ఎప్పటిదాకా వాడాలో ఇల్లాలికి చెయ్యి పెట్టగానే తెలిసిపోతుంది. ఇంజన్ ప్యాకింగ్ విషయంలో ఉండాల్సిందీ ఆ చేతివాటమే.

బాగుచేయబోయి...

తాండిలో నిలబడ్డ కుర్రాడి బండికి జబ్బు కొండల్లో పట్టింది కాదు. ఊళ్లోనే పట్టింది. బయల్దేరే రెండ్రోజుల ముందు ట్యాపెట్ సెట్టింగ్ చేయించాడు. పని త్వరగా తేలాలని అతని తొందర. వరసలో ఉన్న మిగతా బళ్ల సంగతి చూడాలని మెకానిక్ తొందర. మూత ఊడి రాకపోతే సందులో స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తాడు. పాత రబ్బరు బాగానే ఉంది. కానీ ఎందుకైనా మంచిదని దాని చుట్టూ ట్యూబులోంచి బాండ్ పిండి, మూత పెట్టి, బలంకొద్దీ బిగించేశాడు. సదుద్దేశంతో చేసిన ఈ పనిలో మూడు తప్పులున్నాయి.

మొదటిది స్క్రూడ్రైవర్. మూత, ఇంజన్ తల... రెండూ అల్యూమినియం. మెత్తటి లోహం. ఇనుప మొన తగిలితే గీత పడుతుంది. ఆ గీతే ఆయిల్‌కు కాలవ. మూత అతుక్కుపోతే అరచేత్తోనో, చెక్క సుత్తితోనో పక్కల నుంచి మెల్లగా తట్టాలి.

రెండోది బాండ్. రబ్బరు ప్యాకింగ్ నొక్కుకొని, తిరిగి పొంగే గుణంతో సందు మూస్తుంది. దాని చుట్టూ బాండ్ నింపితే గాడిలో కుదురుగా కూర్చోలేదు. పైగా బయటికి పొంగిన బాండ్ లాంటిదే లోపలికీ పొంగుతుంది. ఆ పోగులు ఊడి ఆయిల్‌లో పడితే జల్లెడకో, సన్నటి ఆయిల్ దారికో అడ్డం పడొచ్చు. లీకు ఆపబోయి ఇంజన్‌కు ఆయిలే అందకుండా చేసినట్టు! కొన్ని ఇంజన్లలో క్యామ్‌షాఫ్ట్ కొసల దగ్గర అర్ధచంద్రాకారంలో వంపులుంటాయి. అలాంటి చోట మూలల్లో మాత్రం ఆవగింజంత బాండ్ పెడతారు. అంతే, అంతకుమించి అక్కర్లేదు.

మూడోది బిగింపు. 'ఇంకో చుట్టు తిప్పితే ఆగిపోతుంది' అన్నది షెడ్డుల్లో చాలామందికి ఉన్న నమ్మకం. చాలా బళ్లలో హెడ్ కవర్ బోల్టులకు మెట్టులాంటి అంచు ఉంటుంది. కొంతదూరం దిగాక ఆ మెట్టు లోహానికి తగిలి ఆగిపోతుంది. రబ్బరు నొక్కుకోవాల్సిన కొలత అదే. ఆ తర్వాత ఎంత తిప్పినా రబ్బరు మీద బలం పెరగదు, అల్యూమినియంలోని మర పోతుంది. ఈ బోల్టుల బిగింపు చాలా ఇంజన్లకు 10 న్యూటన్ మీటర్లకు అటూఇటూ ఉంటుంది. జానెడు కూడా లేని చిన్న పానా కొసన చేతి బలం కాదు, వేళ్ల బలం సరిపోతుందన్నమాట.

ఇన్ని తప్పులున్నా బండి ఢిల్లీ నుంచి మనాలీ దాకా బాగానే వచ్చింది. నున్నటి రోడ్డు కాబట్టి. రోహ్‌తాంగ్ కనుమ కింద 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగంలోంచి హాయిగా దూసుకొచ్చింది. 2020 అక్టోబరు 3న ఆ సొరంగం ప్రారంభమయ్యేదాకా మనాలీ నుంచి ఇటు రావాలంటే 3,978 మీటర్ల ఎత్తున్న రోహ్‌తాంగ్ బురదలో మోకాళ్లలోతు తంటాలే. ఇప్పుడు 46 కిలోమీటర్ల దూరం తగ్గింది. బండి బలమెంతో, బలహీనత ఏమిటో బయటపెట్టే తొలి పరీక్షా తప్పిపోయింది. అందుకే తాండికి వచ్చేదాకా జిడ్డు కంటపడలేదు.

కేలాంగ్‌లో శస్త్రచికిత్స

వెనక్కి తిరగక్కర్లేదు. తాండి నుంచి ఎనిమిది కిలోమీటర్లు వెళితే కేలాంగ్. లాహౌల్-స్పితి జిల్లా కేంద్రం. సముద్రమట్టానికి 3,000 మీటర్లకు పైన, భాగ నది ఒడ్డున కొండవాలుకు అతుక్కున్నట్టుండే ఊరు. నదికి అవతల కార్దాంగ్ బౌద్ధారామం కనిపిస్తుంది. చలికాలమంతా మంచులో ఉండే ఈ ప్రాంతానికి ఏ వస్తువైనా కింది నుంచి రావాల్సిందే. అందుకే ఇక్కడివాళ్లు దేన్నీ తేలిగ్గా పారేయరు. మోటారు బళ్లు బాగుచేసే చిన్న షెడ్డులోనూ అదే తీరు. పాత క్లచ్ తీగలు, సగం అరిగిన బ్రేకు లైనింగులు, నట్లు, వాషర్లు... ఏదో ఒకరోజు ఎవరికో ఒకరికి పనికొస్తాయని డబ్బాల్లో దాచిపెడతారు.

'భాయ్‌సాబ్, కొత్త ప్యాకింగ్ ఉందా?' అని వచ్చిన కుర్రాడు అడుగుతాడు. ఆ మోడల్‌ది లేదు. కింద మనాలీలో దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. 'ముందు బండి చల్లారనీ భయ్యా, ఈలోపు టీ తాగిరా' అంటాడు మెకానిక్. వేడి ఇంజన్ మీద మూత తీయకూడదు. ట్యాపెట్ కొలత కూడా చల్లటి ఇంజన్ మీదే చూడాలి. పైగా వేడిమీదున్న రబ్బరు లోహానికి అంటుకొని ఉంటుంది, లాగితే చిరుగుతుంది. అందుకే ఓ రెండు గంటల విరామం. కొండల్లో ఓపిక కూడా ఓ పనిముట్టే.

చల్లారాక అసలు పని మొదలవుతుంది. ముందు మూత చుట్టూ దుమ్ము తుడవాలి. లేకపోతే మూత ఎత్తగానే ఇసుక నేరుగా క్యామ్‌షాఫ్ట్ మీద పడుతుంది. తర్వాత బోల్టులు ఎదురెదురుగా కొద్దికొద్దిగా వదులు చేయాలి. ఒక్కో బోల్టు కింద ఉండే రబ్బరు వాషర్ ఏ రంధ్రానిదో ఆ రంధ్రం దగ్గరే పెట్టుకోవాలి. మూత వచ్చింది. బాండ్ తెల్లటి పొలుసుల్లా అంటుకొని ఉంది. దాన్ని బ్లేడుతో గీకకూడదు. గోటితోనో, ప్లాస్టిక్ చెక్కతోనో, తడిలేని గుడ్డతోనో ఓపిగ్గా వలుచుకోవాలి. పెట్రోలులో నానబెడితే తొందరగా పోతుందని చాలామంది అనుకుంటారు. బాండ్ సంగతేమోగానీ పెట్రోలు తాగిన రబ్బరు ఉబ్బుతుంది. ఉబ్బిన ప్యాకింగ్ గాడి కన్నా పొడవవుతుంది. ఇక అది అందులో కూర్చోదు.

ఇప్పుడు తీర్పు. ప్యాకింగ్‌ను వెలుతురుకు ఎత్తి అంగుళం అంగుళం చూడాలి. గోటితో నొక్కి వదిలితే గుంట వెంటనే పూడుతోందా? అంచు ఇంకా గుండ్రంగా ఉందా, రెండువైపులా బల్లపరుపుగా అణిగిపోయిందా? వేళ్లమధ్య వంచితే సన్నటి పగుళ్లు నోళ్లు తెరుస్తున్నాయా? ఈ బండి ప్యాకింగ్‌లో అవేమీ లేవు. అది ఇంకా బతికే ఉంది. జబ్బల్లా దానిమీద పూసిన మందే! ఒక బోల్టు కింది వాషర్ మాత్రం చెక్కలా గట్టిపడింది. చాలాసార్లు లీకుకు అసలు దొంగ ఇదే. ఆయిల్ కిందికి జారుతుంది కాబట్టి నేరం ప్యాకింగ్ మీద పడుతుంది. డబ్బాలో వెతికితే సరిపోయే పాత వాషర్ ఒకటి దొరికింది.

మూత తిరగేస్తే ప్యాకింగ్ జారిపోకుండా గాడిలో అక్కడక్కడా కాస్త గ్రీజు. మూత మెల్లగా దించి, అన్ని బోల్టులూ ముందు చేత్తోనే తిప్పి, తర్వాత మధ్య నుంచి అంచులకు, ఈ మూల నుంచి ఆ మూలకు పానాతో రెండు దఫాలుగా బిగింపు. మెట్టు తగిలిందా, చెయ్యి తీసెయ్యాలి. అంతే!

అట్టముక్క నుంచి సిలికాన్ దాకా

ఈ దారికీ బుల్లెట్ బండికీ విడదీయరాని బంధం. 1955లో మద్రాసులో రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ల తయారీకి అంకురార్పణ జరిగింది. సైన్యంతోపాటు ఆ బండ్లు సరిహద్దు కొండలెక్కాయి. 1974లో లద్దాఖ్‌లోకి పర్యాటకులను అనుమతించాక సాహసయాత్రికులకూ అదే వాహనమైంది. ఆ పాత ఇనుప ఇంజన్ బుల్లెట్‌కు ఆయిల్ కారడం ఓ లక్షణమని జోకులుండేవి. కారడం లేదంటే లోపల ఆయిల్ లేనట్టే అనేవాళ్లు! దాని పక్కన ట్యాపెట్ల తలుపు ఒకే ఒక నట్టుతో నిలబడుతుంది. కారుతోందని ఆ నట్టును మరింత బిగిస్తే రేకులాంటి ఆ మూత వంగి ఇంకా ఎక్కువ కారేది. అతి బిగింపు అసలుకే చేటని ఒక తరం మెకానిక్కులకు నేర్పింది ఆ నట్టే.

అప్పట్లో చాలాచోట్ల ప్యాకింగ్ అంటే కాగితమో, బెరడుతో చేసిన కార్కో. ఒకసారి నొక్కుకుంటే దాని పని అయిపోయినట్టే. మూత తీస్తే సగం ఇటు, సగం అటు అంటుకొని చిరిగేది. కొత్తది లేకపోతే మేస్త్రీలు గట్టి అట్టను మూత మీద పరిచి, అంచుల వెంబడి గుండు సుత్తితో చిన్నగా కొడుతూ పోయేవాళ్లు. మూత ఆకారమే కత్తెరై ప్యాకింగ్ తెగి వచ్చేది. విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్ పుత్లీబౌలిలోనో పాతకాలపు మేస్త్రీల చేతుల్లో ఆ విద్య ఇప్పటికీ కనిపిస్తుంది.

రబ్బరు వచ్చాక లెక్క మారింది. మామూలు నైట్రైల్ రబ్బరుకు ఆయిల్ అంటే భయం లేదు. కానీ ఏళ్ల తరబడి వేడికి గట్టిపడుతుంది. సిలికాన్ రబ్బరు 200 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిని తట్టుకుంటుంది, చలిలోనూ మెత్తదనం కోల్పోదు. కాకపోతే గోరు గట్టిగా దిగితే, అంచు ఎక్కడైనా నలిగితే తొందరగా చిరుగుతుంది. విదేశాల్లో పాత బీఎండబ్ల్యూ బాక్సర్ల వంటి బళ్లను ఇష్టంగా దాచుకునేవాళ్లు కాగితం బదులు ఇలాంటి సిలికాన్ ప్యాకింగులు వేసుకుంటారు. ఆ ఇంజన్‌లో సిలిండర్లు చెరోపక్కకూ చేతులు చాపినట్టుంటాయి. రోడ్డు పక్కనే మూత విప్పి, వాల్వులు సరిచూసుకొని, అదే ప్యాకింగ్‌తో మళ్లీ మూసేయొచ్చు.

మన ఊళ్లలో వీధికి పది కనిపించే స్ప్లెండర్‌లోనూ ఈ సూత్రమే. ట్యాపెట్లు సరిచేయడానికి పైనొకటి, కిందొకటి గుండ్రటి బిరడాలుంటాయి. ఒక్కోదానికి ఒక రబ్బరు ఉంగరం. దాన్ని తీసిన ప్రతిసారీ ఏ మెకానిక్కూ మార్చడు. మార్చాల్సిన రోజు వచ్చినా గుర్తించకపోవడమే చిక్కు.

చలి పెట్టే పరీక్ష

కేలాంగ్ దాటితే జిస్పా, దార్చా. ఆపైన చెట్లు వెనకబడిపోతాయి. సూరజ్ తాల్ సరస్సు పచ్చటి అద్దంలా మెరుస్తుంది. భాగ నది పుట్టేది ఇక్కడే. ఆ పైన 4,890 మీటర్ల ఎత్తులో బారాలాచా కనుమ. ఈ నీళ్ల పక్కన బండి నిలిపినప్పుడు ఇంజన్ కింద ఓ చుక్క రాలితే అది ఎక్కడికి పోతుంది? రాళ్లలోంచి సరస్సులోకి, సరస్సులోంచి భాగలోకి, తాండి దగ్గర చంద్రభాగలోకి. లీకు అనేది బండి యజమాని సొంత వ్యవహారం కాదని ఇక్కడ నిలబడితే అర్థమవుతుంది.

రాత్రికి మకాం సర్చు. హిమాచల్, లద్దాఖ్‌ల సరిహద్దు. నిండు వేసవి దాటితే ఇక్కడ రాత్రిళ్లు ఉష్ణోగ్రత సున్నా కిందికి పోతుంది. గుడారాల్లో మనుషులు రెండేసి రజాయిల కింద ముడుచుకుంటే, బయట బండ్ల మీద మంచు పేరుతుంది. చలికి రబ్బరు బిగుసుకుంటుంది. లోహమూ ముడుచుకుంటుంది. ముసలి ప్యాకింగ్ అయితే పొద్దున్నే స్టార్ట్ చేయగానే అంచున తడి కనిపిస్తుంది. ఇంజన్ వేడెక్కాక రబ్బరు మెత్తబడి ఆ తడి ఆగిపోతుంది. 'తగ్గిపోయిందిలే' అనుకుంటారు. నిజానికి అది తగ్గడం కాదు, ముందుగా చెప్పడం! ప్యాకింగ్‌కు రోజులు దగ్గరపడ్డాయని.

కుర్రాడు తెల్లవారుతూనే ముఖానికి రాసుకునే పౌడరు డబ్బా తీశాడు. తోటివాళ్లు నవ్వారు. అందానికి కాదు. తుడిచిన ఇంజన్ అంచుల వెంబడి పౌడరు చల్లి, బండి కాసేపు నడిపితే ఎక్కడి నుంచి కారుతోందో తెల్లటి పొడి తడిసి చూపిస్తుంది. పది నిమిషాలైంది. పౌడరు పొడిగానే ఉంది.

గాలాడకపోతే...

సర్చు తర్వాత గాటా లూప్స్. కొండకు చుట్టిన తాడులా 21 మలుపులు. ఒక మలుపు దగ్గర యాత్రికులు నీళ్ల సీసాలు పెట్టి మొక్కుకునే చిన్న గుడి. అక్కడ దాహంతో చనిపోయిన ఓ లారీ క్లీనర్ ఆత్మ తిరుగుతుందని చెప్పుకుంటారు. కథ నిజమో కాదోగానీ ఈ దారిలో బండి ఆగిపోతే ఏమవుతుందన్న భయం మాత్రం నిజం. నకీ లా, లాచుంగ్ లా కనుమలు దాటి దిగితే పాంగ్. ఎత్తు సుమారు 4,600 మీటర్లు. సైనిక శిబిరం, కొన్ని గుడారపు హోటళ్లు. వేడివేడి మ్యాగీ, ఆమ్లెట్, టీ... అంతకుమించి అడగకూడదు.

ఈ మధ్య దారిలో మరో రకం లీకు తగులుతుంది. మధ్యాహ్నమయ్యేసరికి ఎండకు మంచు కరిగి వాగులు పొంగుతాయి. బండి అందులోంచి దాటాలి. ఇంజన్‌కు ఊపిరి గొట్టం ఒకటుంటుంది. పిస్టన్ కదలికలకు లోపల పేరుకునే గాలిని బయటికి వదిలేది అదే. ఆ గొట్టం నలిగినా, బురదతో పూడినా లోపలి గాలి వేరే దారి వెతుక్కుంటుంది. ఎక్కడ ప్యాకింగ్ బలహీనంగా ఉంటే అక్కడి నుంచి ఆయిల్‌ని తోసుకొని వస్తుంది. అప్పుడు కొత్త ప్యాకింగ్ వేసినా లాభం లేదు. అదీ కారుతుంది. గొట్టం శుభ్రం చేస్తే పాత ప్యాకింగే ఆపేస్తుంది. వాగు దాటాక ఆయిల్ పాలు కలిపిన టీ రంగులోకి మారితే మాత్రం లోపలికి నీరు చేరినట్టు. అప్పుడిక ముందుకు కదలకుండా ఆయిల్ మార్చాల్సిందే.

చిన్న లీకైతే బండి ఆగదు. అయినా తేలిగ్గా తీసుకోకూడదు. చిన్న బైకుల్లో ఇంజన్ ఆయిల్ మొత్తం కలిపితే లీటరుకు అటూఇటూ. రోజుకు కొంత తగ్గినా 5,000 మీటర్ల ఎత్తున, మొదటి రెండో గేర్లలో ఎక్కే ఇంజన్‌కు అది పెద్ద లోటు. వేడి సైలెన్సర్ మీద పడితే పొగ. గాలికి వెనక టైరు మీదికి చేరితే మలుపులో జారుడు. పక్కన లోయ!

వాడొచ్చా... పారేయాలా?

కొన్ని కంపెనీల సర్వీసు పుస్తకాలు మూత తీసిన ప్రతిసారీ కొత్త ప్యాకింగ్ వేయమంటాయి. కొన్ని పరీక్షించి, బాగుంటే వాడమంటాయి. ముందు తమ బండి పుస్తకం ఏం చెబుతుందో చూడాలి. కొత్తది చేతిలో ఉంటే ఆలోచించాల్సిన పనే లేదు. లేనప్పుడే ఈ లెక్కలు.

* గోటితో నొక్కితే పూడుతూ, అంచు గుండ్రంగా ఉంటే మళ్లీ వాడొచ్చు.

* బల్లపరుపుగా అణిగినా, వంచితే పగిలినా, గాడిలో పట్టనంత సాగినా పారేయాలి.

* కాగితం, కార్క్ ప్యాకింగులను మళ్లీ నమ్మకూడదు.

* ప్యాకింగ్‌తోపాటు బోల్టుల కింది రబ్బరు వాషర్లనూ చూడాలి.

* బాండ్‌తో అతికిన ప్యాకింగ్ వలిచేటప్పుడు చిరిగితే ఇక దాని ఆయువు తీరినట్టే.

* దూరప్రయాణానికి సెట్టింగ్‌లు ముందురోజు కాదు, రెండు వారాల ముందు చేయించుకోవాలి. రెండుమూడు వందల కిలోమీటర్లు తిప్పి చూసుకోవాలి. తప్పు ఏదైనా ఉంటే ఊళ్లోనే బయటపడుతుంది.

* సంచిలో ఓ కొత్త ప్యాకింగ్, నాలుగు వాషర్లు వేసుకోవాలి. వాటి బరువు గుప్పెడు పల్లీలంత కూడా ఉండదు.

చివరికి లేహ్

పాంగ్ పైన ఎక్కితే ఒక్కసారిగా కొండలు పక్కకు జరుగుతాయి. మోరే మైదానం. దాదాపు 40 కిలోమీటర్లు చదునుగా, ఎవరో తివాచీ పరిచినట్టు. ఆ కొసన తగ్‌లంగ్ లా. ఎత్తు 5,328 మీటర్లు. ఇక్కడ గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు సగమే. మనిషి నాలుగు అడుగులేస్తే ఆయాసం, ఇంజన్ కూడా నీరసపడుతుంది. రెపరెపలాడే రంగురంగుల ప్రార్థనా పతాకాల కింద అందరూ ఫొటోలు దిగుతుంటే కుర్రాడు మోకాళ్ల మీద కూర్చొని ఇంజన్ అంచును వేలితో తుడిచి చూసుకున్నాడు. దుమ్ము. ఉత్త దుమ్మే. జిడ్డు లేదు!

అక్కడి నుంచి అంతా దిగుడే. రుంత్సే, గ్యా గ్రామాల ఆకుపచ్చ పొలాలు. ఉప్శీ దగ్గర సింధు నది పలకరిస్తుంది. కారూ, థిక్సే దాటితే లేహ్. ఎదురొచ్చిన ప్రతివాడూ నవ్వుతూ 'జూలే' అంటాడు. నమస్కారమన్నా, కృతజ్ఞతలన్నా అక్కడ ఆ ఒక్క మాటే.

లేహ్‌లో ఏటా వేసవిలో వేల బండ్లు దిగుతాయి. కాబట్టి స్పేరుపార్టుల దుకాణాలూ ఉన్నాయి. వెతికితే ఆ మోడల్ ప్యాకింగ్ దొరికింది. ఖరీదు వందల్లోనే. మార్చేద్దామా? మూత పొడిగా ఉంది. చప్పుడు లేదు. పనిచేస్తున్నదాన్ని విప్పడమంటే మళ్లీ కొత్త తప్పుకు తలుపు తెరవడమే. కొత్తది సంచిలోకి వెళ్లింది.

తిరుగు ప్రయాణంలో మిగిలిన స్పేర్లను ఎదురొచ్చేవాళ్లకు ఇచ్చేసే రైడర్లు ఈ దారిలో తరచూ తారసపడతారు. ఒక క్లచ్ తీగ, ఒక ట్యూబు, సగం డబ్బా ఆయిల్. పాంగ్ గుడారంలో టీ తాగుతుంటే పక్క బల్ల దగ్గర ఎవరో అదే మోడల్ బండి పక్కన దిగాలుగా కూర్చొని ఉన్నారనుకుందాం. ఇంజన్ మీద నల్లటి చార. మూత విప్పి చూస్తే ప్యాకింగ్ రెండు ముక్కలు. దాన్ని ఏ చేయీ బతికించలేదు. అప్పుడు సంచిలోంచి ఆ కొత్త ప్యాకింగ్ బయటికొస్తుంది. డబ్బులివ్వబోతే వద్దనడం కూడా మామూలే.

పాతదాన్ని జాగ్రత్తగా వాడుకున్నవాడి దగ్గరే కదా, ఇంకొకరికి ఇవ్వడానికి కొత్తది మిగిలేది!